2026-27 అని ఫోల్డర్ పెడితే అది ఏ ఏడాది? ఆఫీసు ఫైళ్ల పేర్ల చిక్కు, మొదటి నుంచి

ఒక ఆడిటర్ ఆఫీసు అనుకోండి. ఆరేడుగురు పనిచేస్తారు, మూలన ఒక సర్వర్ సిస్టమ్, అందులో క్లయింట్స్ అని ఒక పెద్ద ఫోల్డర్, అందరూ అందులోనే సేవ్ చేస్తారు. ఏప్రిల్ రాగానే ఎవరో ఒకరు 2026-27 అని కొత్త ఫోల్డర్ పెడతారు. చూడ్డానికి తప్పేం లేదు, ప్రతి ఏడాదీ చేసేదే. కానీ ఈసారి ఆ పేరుకి రెండు అర్థాలున్నాయి, రెండూ కరెక్టే, సమస్య అక్కడే వచ్చింది.

ఇన్నాళ్లూ ఇన్‌కమ్ టాక్స్‌లో రెండు ఏడాదులు పక్కపక్కనే నడిచేవి. డబ్బు సంపాదించిన ఏడాది ఒకటి, దాన్ని మనం ఫైనాన్షియల్ ఇయర్ అంటాం. ఆ సంపాదన మీద లెక్క తేల్చేది ఆ తర్వాతి ఏడాది, అది అసెస్‌మెంట్ ఇయర్. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. ఇది 1961 చట్టం లెక్క. ఇప్పుడు 2025లో పాసైన కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో ఈ రెండూ తీసేసి టాక్స్ ఇయర్ అని ఒకటే మాట పెట్టారు, సంపాదించిన ఏడాదే టాక్స్ ఇయర్. అంటే 2026 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా వచ్చే ఆదాయం టాక్స్ ఇయర్ 2026-27.

ఇప్పుడు ఒక్క క్లయింట్‌నే తీసుకుని చూడండి. 2026 జూన్ 15 లోపు కట్టిన మొదటి విడత అడ్వాన్స్ టాక్స్ (ఏడాది ముగియకముందే విడతలుగా కట్టే పన్ను) చలానా టాక్స్ ఇయర్ 2026-27ది. ఆ తర్వాత జూలైలో వేసిన రిటర్న్ అసెస్‌మెంట్ ఇయర్ 2026-27ది. ఈ రెండు కాగితాల మీదా 2026-27 అనే ఉంటుంది, కానీ అవి చెప్పే ఆదాయాలకి మధ్య నిండా పన్నెండు నెలల తేడా. రెండూ తీసుకెళ్లి ఆ ఒక్క ఫోల్డర్లో పడేస్తే, వచ్చే ఏడాది కొత్తగా చేరిన ఆర్టికల్ అసిస్టెంట్, అంటే సీఏ చదువుతూ ఆఫీసులో పని నేర్చుకునే కుర్రాడు, ఆ చలానాని ఏ రిటర్న్‌కి కలపాలి? పేరు ముందు అసెస్‌మెంట్ ఇయర్‌కి ఏవై అనో టాక్స్ ఇయర్‌కి టీవై అనో రెండక్షరాలుంటే ఈ ప్రశ్నే రాదు. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. ఫైలు పేరు పెట్టడం క్లర్కు పని, చిన్న పని అనుకుంటాం, కానీ పేరు పెట్టినవాళ్లు ఆఫీసులో లేనిరోజు దాన్ని తెరిచే మనిషికి ఆ పేరు ఒక్కటే ఆధారం.

పేరు, దారి, ప్రాపర్టీస్: ఏది ఎంతదూరం వస్తుంది

ఒక ఫైలు ఏంటో చెప్పేవి మూడున్నాయి. దాని పేరు. అది ఏ ఫోల్డర్లో ఏ ఫోల్డర్ లోపల ఉందో ఆ దారి, పాత్ అంటారు. ఇంకా రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే కనపడే వివరాలు, ఎప్పుడు మార్చారు, ఎంత సైజు, లాంటివి. సర్వర్‌లో ఉన్నంతసేపు మూడూ మన చేతిలోనే ఉంటాయి. మెయిల్లోనో వాట్సాప్‌లో డాక్యుమెంటుగానో పంపిన మరుక్షణం దారి ఇక్కడే ఉండిపోతుంది, ప్రాపర్టీస్‌లో తేదీలు చాలావరకు మారిపోతాయి, పేరు ఒక్కటే ఫైలుతో పాటు వెళ్తుంది. సరైన ఫోల్డర్లో ఉన్నప్పుడు బ్యాంక్ స్టేట్‌మెంట్ అనే పేరు చాలు, ఎవరిదో ఏ ఏడాదిదో పై ఫోల్డర్లు చెప్తాయి. అదే ఫైలు మేనేజర్ గారి ఫోన్లోకి వెళ్లాక తాడూ బొంగరం లేనిది అయిపోతుంది.

అందుకే కొందరు పేరులోనే అన్నీ పెట్టాలంటారు, క్లయింటు, ఏడాది, కాగితం రకం, బ్రాంచి, తేదీ. ఇంకొందరు ఫోల్డర్లు చెప్పేదాన్ని మళ్లీ పేరులో చెప్పడం దండగ, కొండవీటి చాంతాడంత పేర్లు ఎవరు చదువుతారు అంటారు. ఈ రెండోవాళ్ల మాటలో కూడా బలముంది, ఎందుకంటే విండోస్‌లో పాత్ మొత్తం కలిపి, డ్రైవ్ అక్షరంతో సహా, మామూలుగా 260 అక్షరాలు దాటకూడదు. 2016లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఆ హద్దు తీసేసే సెట్టింగ్ ఉంది కానీ దాన్ని మనమే ఆన్ చేయాలి, పైగా మనం వాడే సాఫ్ట్‌వేర్ కూడా దానికి ఒప్పుకోవాలి. ఫోల్డర్లు ఆరేడు అంతస్తులు లోపలికి వెళ్లి, ప్రతి ఫోల్డర్‌కీ ముప్పై అక్షరాల పేరుండి, చివర డెబ్భై అక్షరాల ఫైలు పేరు పెడితే ఆ హద్దు తగిలేస్తుంది. అప్పుడు ఫైలు కళ్లముందే ఉంటుంది కానీ కాపీ అవ్వదు, బ్యాకప్‌లోకి వెళ్లదు. నాకు తోచినంతలో ఎవరిది, ఏ ఏడాది, ఏం కాగితం అనే మూడూ పేరులో ఉండాలి, మిగతావి ఫోల్డర్లకి వదిలేయొచ్చు, ఎందుకంటే బయటికి వెళ్లిన ఫైలు గురించి ఎవరైనా అడిగే మొదటి మూడు ప్రశ్నలు అవే.

ఎవరిది: ఇంటిపేరు, శ్రీ, ఒకే మనిషికి రెండు పాన్‌లు

తెలుగు ఆఫీసుల్లో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇదే. వెంకటేశ్వరరావు అనే పేరుతో ఒక ఆఫీసులో నలుగురు క్లయింట్లుండటం మామూలే. ఇంటిపేరు కలిపి రాస్తాం సరే, ముందు రాయాలా చివర రాయాలా? మనం ముందు రాస్తాం, పాన్ అప్లికేషన్‌లో లాస్ట్ నేమ్ అని అడుగుతుంది కాబట్టి కార్డు మీద చివరికి వెళ్లొచ్చు, ఆధార్‌లో ఒట్టి పొడక్షరం ఉండొచ్చు. ఇక ఇంగ్లీషు స్పెల్లింగ్. సత్యనారాయణలో తకి పక్కన హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు, చివర ఏ వదిలేసేవాళ్లున్నారు. సెర్చ్ బాక్స్‌లో ఒక స్పెల్లింగ్ కొడితే ఇంకో స్పెల్లింగ్‌తో ఉన్న ఫైలు రాదు, వెతికినవాళ్లేమో ఫైలు లేదనుకుని క్లయింట్‌ని మళ్లీ పంపమంటారు.

వ్యాపారాల పేర్లయితే ఇంకోరకం. సగం పేర్లు శ్రీతోనే మొదలవుతాయి, ఆ శ్రీని ఇంగ్లీషులో ఎస్ తర్వాత ఆర్‌తో రాస్తారు, హెచ్ కలిపి రాస్తారు, చివర ఒక ఐ పెడతారు, రెండు ఈలు పెడతారు. అక్షరక్రమంలో పేరిస్తే ఒకే దేవుడి పేరున్న ట్రేడర్స్‌లు మూడు చోట్ల కనపడతాయి, ఇక ఎమ్ స్లాష్ ఎస్ అని ముందు పెడితే అవన్నీ ఎమ్ దగ్గర గుట్టపడతాయి, అసలు స్లాష్ గుర్తుని విండోస్ పేరులో రానివ్వదు కూడా. రానివ్వని గుర్తులు తొమ్మిది: \ / : * ? " < > | ఇవి.

ఇది చాలదన్నట్టు ఒకే మనిషికి తన పేరు మీద ఒక పాన్, తన ఉమ్మడి కుటుంబం పేరు మీద, అంటే హెచ్‌యూఎఫ్‌కి, ఇంకో పాన్ ఉంటుంది. పాన్‌లో పది అక్షరాలుంటాయి, అందులో నాలుగో అక్షరం మామూలు వ్యక్తికి పీ, హెచ్‌యూఎఫ్‌కి హెచ్, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి ఎఫ్, కంపెనీకి సీ. పేరు మాత్రం ఒకటే. ఇద్దరి రిటర్నులూ ఒకే పేరుతో ఉంటే ఎవరిది ఎవరిదో లోపలికెళ్లి చూస్తే తప్ప తెలీదు. జీఎస్టీలో ఇంకో మెలిక, ఒకే వ్యాపారానికి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ బ్రాంచిలుంటే పాన్ ఒకటే కానీ జీఎస్టీ నంబర్లు రెండు, తెలంగాణది 36తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌ది 37తో. నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్ త్రీబీకి త్రీబీ జూన్ అని మాత్రమే పేరు పెడితే ఏ రాష్ట్రం త్రీబీ? 36 త్రీబీ, 37 త్రీబీ అని ముందు రెండంకెలు తగిలిస్తే అయిపోతుంది.

దీనికి ఆఫీసులు మూడు దార్లు పట్టాయి. పేరే వాడేవాళ్లు కొందరు, చదవగానే అర్థమవుతుంది, స్పెల్లింగ్‌తోనే చావు. పాన్ వాడేవాళ్లు కొందరు, తప్పే రాదు, కానీ పాన్ బయటికి కనపడకూడని సమాచారం. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్ నుంచి దింపిన ఏఐఎస్ (మన ఆదాయాల గురించి డిపార్ట్‌మెంట్ దగ్గరున్న వివరాల పట్టిక) పీడీఎఫ్ పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, దాని పక్కన పుట్టినతేదీ. అంటే ఫైలు పేరులోనే పాన్ రాస్తే తాళంచెవిలో సగం తలుపుకే తగిలించినట్టు. మూడోది సొంత నంబరు, ప్రతి క్లయింట్‌కి 0147 లాంటి ఒక కోడు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చామో ఒక రిజిస్టర్లో రాసుకోవడం. ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి, అయితే ఆ రిజిస్టర్ ఒక్కరి సిస్టమ్‌లోనే ఉండి ఆ ఒక్కరూ ఉద్యోగం మానేస్తే మిగిలేవి అర్థంకాని అంకెలు. అందుకే చాలాచోట్ల కోడు పక్కనే పొట్టి పేరు కూడా పెడతారు, 0147-వెంకటేశ్వరరావు-హెచ్‌యూఎఫ్ అని. పేర్లు నేనిక్కడ తెలుగులో రాస్తున్నా, ఆఫీసులో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు, ఎందుకో కింద చెప్తా.

తేదీ: 03-04 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా

మనకి రోజు ముందు, నెల తర్వాత. అమెరికాలో నెల ముందు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లకి అకౌంట్స్ చేసే ఆఫీసుల్లో 03-04-2025 అన్న ఫైలు ఇద్దరికి రెండు తేదీలు చెప్తుంది. ఈ గొడవ తీర్చడానికే 1988లో ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు. 2025-04-03. ఇలా రాస్తే తికమక తీరడమే కాదు, కంప్యూటర్ పేర్లని ఎడమ నుంచి కుడికి పోల్చి పేరుస్తుంది కాబట్టి ఫైళ్లు వాటంతటవే తేదీ వరసలో నిలబడతాయి. మన పద్ధతిలో రోజు ముందు పెడితే అన్ని నెలల ఒకటో తారీకులూ ఒకచోట, అన్ని రెండో తారీకులూ ఒకచోట చేరతాయి.

నెల పేర్లది కూడా ఇదే కథ. ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి, ఇది ఇంగ్లీషు అక్షరక్రమం. జీఎస్టీ ఫోల్డర్లో పన్నెండు నెలలు చూడాలంటే కళ్లు కాయలు కాస్తాయి. 01-ఏప్రిల్, 02-మే అని ముందు అంకె పెడితే ఆర్థిక సంవత్సరం వరసలోనే వస్తాయి. ముందు సున్నా ఎందుకంటే, విండోస్ ఎక్స్‌ప్లోరర్ ఎక్స్‌పీ రోజుల నుంచి అంకెల్ని అంకెలుగానే చూసి 2 తర్వాతే 10 పెడుతుంది కానీ, అన్ని సాఫ్ట్‌వేర్లూ అలా చూడవు, కొన్నిట్లో 1, 10, 11, 12, 2 అని వచ్చేస్తుంది.

ఒకటి మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. పేరులో రాసే తేదీ దేని తేదీ? వాట్సాప్ నుంచి దిగిన ఫొటోకి ఐఎమ్‌జీ, తర్వాత 20250412, తర్వాత డబ్ల్యూఏ అని ఒక నంబరు పేరుగా వస్తుంది. ఆ తేదీ బిల్లుది కాదు, ఫొటో వాట్సాప్‌లో నడిచిన రోజుది. మార్చి 28 నాటి కొనుగోలు బిల్లుని క్లయింట్ ఏప్రిల్ 12న పంపితే, ఆ పేరు చూసి దాన్ని కొత్త ఏడాది ఫోల్డర్లో వేసేవాళ్లని చాలామందిని చూశాను.

ఫైనల్ అనే మాట ఎందుకు నిలబడదు

ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ సార్ చూసింది. ఇలాంటి పేర్లు లేని ఆఫీసు ఉండదేమో. దీన్ని బద్ధకం అని కొట్టిపారేస్తారు కానీ నాకు అలా అనిపించదు. బ్యాలెన్స్ షీట్ తయారుచేసిన కుర్రాడికి ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అవ్వగానే ఫైనల్. ఆడిటర్ గారికి సంతకం పెట్టాక ఫైనల్. క్లయింట్‌కి బ్యాంకులో ఇచ్చిందే ఫైనల్. ముగ్గురూ నిజమే చెప్తున్నారు, మూడు వేర్వేరు సంఘటనలకి ఒకటే మాట వాడుతున్నారు.

సంఘటన పేరే రాస్తే ఈ తంటా తగ్గుతుంది. డ్రాఫ్ట్ 01, డ్రాఫ్ట్ 02, ఆ తర్వాత సంతకమైంది, ఆ తర్వాత పోర్టల్లో ఎక్కింది. సంతకమైందా లేదా అన్నదానికి ఆడిట్ ఆఫీసుల్లో గట్టి గుర్తు కూడా ఉంది, 2019 నుంచి చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసే కాగితాలకి అంకెలూ అక్షరాలూ కలిపి 18 ఉండే యూడీఐఎన్ అనే గుర్తింపు నంబరు, ఒక్కో కాగితానికి ఒక్కోటి, తీసుకోవాలి. యూడీఐఎన్ లేని పీడీఎఫ్‌కి సంతకమైంది అని పేరు పెట్టలేరు.

మరి డేట్ మాడిఫైడ్ చూసుకుంటే సరిపోదా, పైన ఉన్నదే కొత్తది కదా అని అడుగుతారు. నేను కూడా చాలాకాలం అలాగే నమ్మాను. ఒకప్పుడు పనిచేసిన ఆఫీసులో ఒక క్లయింట్ కంప్యూటేషన్, అంటే పన్ను లెక్క షీటు, రెండు కాపీలున్నాయి, మొదటిదాంట్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ లేదు, రెండోదాంట్లో కలిపాం. సాయంత్రం క్లయింట్ ఫోన్ చేసి ఏదో అంకె అడిగితే నేను తొందర్లో మొదటి కాపీ తెరిచి చెప్పి మూసేశాను. మూసేటప్పుడు ఎక్సెల్ సేవ్ చేయమంటారా అని అడిగింది, ఎస్ కొట్టాను. నేనేమీ మార్చలేదు, కానీ ఆ షీట్లో ఈరోజు తేదీ చూపించే ఫార్ములా ఉంది, అలాంటి ఫార్ములా ఉంటే తెరిచినప్పుడల్లా ఎక్సెల్ మళ్లీ లెక్కేసుకుని మారిందనే అనుకుంటుంది. దాంతో పాత కాపీ పైకొచ్చి కూర్చుంది. మర్నాడు పొద్దున్నే మా కొలీగ్ డేట్ ప్రకారం పేర్చి, పైనున్నది తీసుకుని రిటర్న్ వేసేసింది. వడ్డీ ఏఐఎస్‌లో ఉంది, మా రిటర్న్‌లో లేదు. తర్వాత రివైజ్డ్ రిటర్న్ వేయాల్సొచ్చింది, క్లయింట్ పెద్దాయన బ్యాంకు ముందు, మా ముందు, రెండుచోట్లా సంజాయిషీ చెప్పుకున్నట్టు నిలబడ్డారు, ఆయన తప్పేమీ లేకపోయినా. ఆ రెండు ఫైళ్ల పేర్లలో వడ్డీ కలిపింది అన్న ముక్క ఒక్కటుంటే సరిపోయేది.

క్లౌడ్‌లో పెట్టుకుంటే ఈ బాధే లేదు, ఒకటే ఫైలు, వెర్షన్ హిస్టరీ అదే రాసుకుంటుంది అనేవాళ్లున్నారు. చాలావరకు నిజం, నలుగురు ఒకే షీట్లో కూర్చుని చేసే పనికి అదే మేలు. కానీ గూగుల్ డ్రైవ్‌లో ఎక్సెల్, పీడీఎఫ్ లాంటి బయటి ఫైళ్ల పాత వెర్షన్లు మామూలుగా 30 రోజుల తర్వాత, లేదా 100 వెర్షన్లు దాటాక పోవచ్చు, ఉంచమని మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి, ఆడిట్ వర్కింగ్ పేపర్లు ఏడేళ్లు. నెల రోజుల హిస్టరీని నమ్ముకుని ఏడేళ్ల పని చేయలేం. ఇంకోటి, డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండొచ్చు, విండోస్ అలా ఉండనివ్వదు. మామూలు ఫోల్డర్‌కి అలవాటుపడ్డ చేతికి ఇది వెంటనే తెలియదు.

ఫోల్డర్లా, సెర్చా

సెర్చ్ ఇంత బాగా పనిచేస్తుంటే ఫోల్డర్లు ఎందుకు అనేది ఇప్పటి పిల్లల మాట. వాళ్లు ఫోన్‌తో పెరిగారు, దేన్నైనా వెతికే తెచ్చుకుంటారు. టైపు చేసిన కాగితాలకి, మెయిళ్లకి అది చాలు. మన ఆఫీసుల్లోకొచ్చేవి ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, సేల్ డీడులు, పాస్‌బుక్ ఫొటోలు. వాటిలో ఉన్నది బొమ్మ, అక్షరాలు కావు. ఓసీఆర్ చేస్తే, అంటే బొమ్మలోని అక్షరాల్ని సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తే తప్ప సెర్చ్‌కి లోపల ఏముందో తెలీదు, పాత స్టాంపు కాగితం మీద చేత్తో రాసిన తెలుగు డాక్యుమెంటుకి ఓసీఆర్‌ని నమ్ముకోలేం. అలాంటి ఫైలుకి పేరే దిక్కు. పైగా వెతకాలంటే ఏం వెతకాలో ముందు తెలియాలి, ఏ కాగితం ఇంకా రాలేదో తెలుసుకోవాలంటే మాత్రం ఫోల్డర్ తెరిచి పన్నెండు నెలల్లో పదకొండే ఉన్నాయని కంటితో చూడాల్సిందే, సెర్చ్ లేనిదాన్ని చూపించలేదు.

తెలుగులో పేరు పెట్టొచ్చా

పెట్టొచ్చు, యూనికోడ్ తెలుగు అయితే ఇప్పటి సిస్టమ్స్ అన్నీ తీసుకుంటాయి. నాకైతే పెట్టాలనే ఉంటుంది, కౌలు ఒప్పందం అన్న పేరు చూస్తే ఆఫీసులో అందరికీ అర్థమవుతుంది. రెండు అడ్డంకులున్నాయి. ఒకటి, అను లాంటి పాత ఫాంట్లలో కొట్టే అలవాటున్న డీటీపీ సెంటర్లలో ఆ అక్షరాలు కంప్యూటర్‌కి తెలుగు కావు, ఫాంటు వేసుకున్న ఇంగ్లీషు గుర్తులు, వాటిని ఫైలు పేరులో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులే కనపడతాయి. రెండోది, లినక్స్ సర్వర్లలో ఫైలు పేరుకి హద్దు సాధారణంగా 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడు. శ్రీ అని ఒక్క అక్షరం రాస్తే లోపల శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. మొత్తం పేరులో 85 గుర్తులే పడతాయి. చిన్న పేరుకి ఇబ్బంది లేదు, శ్రీలూ ఒత్తులూ ఉన్న పెద్ద ఫర్మ్ పేరుకి ఇరుకే. అందుకే ఆఫీసులు ఇంగ్లీషుకే వెళ్లిపోతున్నాయి.

పాతవన్నీ ఇప్పుడు మార్చాలా

కొత్త పద్ధతి అనుకోగానే ఆదివారం కూర్చుని పదేళ్ల ఫోల్డర్లన్నీ మార్చేద్దామనిపిస్తుంది. ఒక ఎక్సెల్ ఇంకో ఎక్సెల్ నుంచి అంకెలు లాక్కుంటుంటే, ఆ రెండోదాని పేరో ఫోల్డరో మారిన రోజు ఆ లింకులు తెగిపోతాయి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీ తన డేటా ఫోల్డర్లని నంబర్లతో గుర్తుపడుతుంది, అందంగా ఉంటుందని వాటికి కంపెనీ పేరు పెట్టకూడదు. అన్నీ ఒకే పద్ధతిలో ఉండాలనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, రెండు పద్ధతులు పక్కపక్కనే ఉంటే కొత్తవాళ్లు తికమకపడతారు. అయినా ఒక తేదీ పెట్టుకుని అక్కడి నుంచి కొత్త పేర్లు, పాతవి ఉన్నట్టే ఉంచడం తక్కువ నష్టం.

ఆ తేదీకి ఈ ఏడాది చట్టమే ఒక గీత గీసిచ్చింది. 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయం మీద నోటీసులు, అప్పీళ్లు ఇంకా కొన్నేళ్లపాటు పాత చట్టం కిందే నడుస్తాయి, ఆ ఫోల్డర్ల మీద ఏవై ఉండాల్సిందే. ఇప్పుడు ప్రతి క్లయింట్ కోడు కింద రెండు ఫోల్డర్లు పెట్టుకుంటున్నాం, ఏవై 2026-27 ఒకటి, టీవై 2026-27 ఒకటి. మొదటిదాంట్లోకి జూలై రిటర్న్ వెళ్తుంది, రెండోదాంట్లో ప్రస్తుతానికి ఒక్కటే ఫైలుంది, జూన్ అడ్వాన్స్ టాక్స్ చలానా.